మూడు మందులు కొట్టాం, చెరకు ఇంకా ఎండుతూనే ఉంది. ఇదేం తెగులు?

చోడవరం చిన్నోడు | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను గాజువాకలో ఉద్యోగం చేస్తున్నాను. వ్యవసాయం గురించి నాకు తెలిసింది పండక్కి ఊరెళ్ళినప్పుడు గట్టు మీద నిలబడి చూసినంతే. చోడవరం దగ్గర మా చిన్నాన్నకి రెండెకరాల చెరకు ఉంది, కార్శి తోట (ఒకసారి నరికాక మోళ్ళనుంచి మళ్ళీ చిగిర్చింది). వినాయక చవితి దాకా దిట్టంగా ఉంది. తరవాత వానలు పట్టాయి. ఆ వెనకే అక్కడొక దుబ్బు, ఇక్కడొక దుబ్బు ఎండడం మొదలైంది. ముందు పైనుంచి మూడో ఆకో నాలుగో ఆకో అంచుల్లో పసుపెక్కుతుంది, కొన్నాళ్ళకి మొవ్వంతా వాడిపోతుంది.

కొట్టుకి తీసుకెళ్ళి ఆకు చూపిస్తే పురుగన్నారు, పురుగుమందు ఇచ్చారు. వారం పోయాక "తెగులు కూడా ఉన్నట్టుంది" అని ఇంకోటి ఇచ్చారు. మూడోసారి టానిక్కు. స్ప్రే కూలితో కలిపి ఎనిమిది వేలు దాటింది. ఎండేది ఎండుతూనే ఉంది. చిన్నాన్న ఫోన్ చేసి "నీకు నెట్‌లో తెలిసినోళ్ళుంటారు కదరా, ఏ మందు కొట్టాలో కనుక్కో" అన్నాడు. అదే కనుక్కుంటున్నాను. ఏ మందు కొట్టాలి?

మిద్దెతోట ఎంవీపీ | శనివారం రాత్రి 9:31

మా మేడ మీద బెండ మొక్కలకీ ఇలాగే ఆకులు పసుపెక్కాయండీ. నేను వేపనూనె కొడుతున్నాను. మీరూ ఒకసారి కొట్టి చూడండి.

మొక్కల డాక్టరమ్మ | శనివారం రాత్రి 10:05

చిన్నోడు గారూ, ముందు ఒక మాట. దయచేసి నాలుగో మందు కొట్టించకండి. ఏమిటో తెలిసేదాకా ఏదీ కొట్టొద్దు. (నేను తెగుళ్ళ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. అందుకే ఇంట్లో ఈ పేరు పెట్టారు.)

ఆకు చూసి చెరకు జబ్బు చెప్పడం, జ్వరం ఉందని చెప్పి రోగం పేరు అడగడం లాంటిది. ఆకు పసుపెక్కడానికి ఇరవై కారణాలుంటాయి. రేపు మీ చిన్నాన్నగారితో ఒక పని చేయించండి. పూర్తిగా ఎండిపోయిన గడ వద్దు, ఇప్పుడిప్పుడే వాడుతున్న దుబ్బులోంచి ఒక గడ మొదలంటా నరికి, కత్తితో నిలువునా రెండుగా చీల్చమనండి. లోపలి కండ ఎర్రగా ఉందా? ఉంటే ఆ ఎరుపు అంతా ఒకేలా ఉందా, లేక మధ్యమధ్యలో అడ్డంగా తెల్లటి మచ్చలున్నాయా? తరవాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడమనండి. పులిసిన కల్లు వాసన వస్తోందా?

తెల్ల మచ్చలూ, ఆ వాసనా రెండూ ఉంటే అది ఎర్రకుళ్ళు తెగులు. కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్ అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. గడ లోపల గుల్లగా ఉండి, కండ మందకొడిగా ఊదా రంగుకి తిరిగి, తెల్ల మచ్చలు లేకపోతే అది వడలు తెగులు. లోపల సొరంగాలు, పురుగు పెంట కనిపిస్తే పురుగు. మూడింటికీ పైన ఆకు ఎండడం ఒకటే.

మిద్దెతోట గారూ, మీ బెండది వేరే కథ. ఈనెలు పసుపెక్కి మధ్యలో ఆకుపచ్చ మిగిలితే అది పల్లాకు తెగులు. వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది. వేపనూనె దోమని కొంత ఆపుతుంది గానీ, సోకిన మొక్కని బాగు చేయలేదు. పీకేయండి.

మిద్దెతోట ఎంవీపీ | శనివారం రాత్రి 10:11

పీకేయాలా! పదకొండు మొక్కలండీ 😢

గాజువాక ఎరువుల కొట్టు | శనివారం రాత్రి 10:40

ఆ కొట్టు నాది కాదు, ముందే చెప్తున్నా. కానీ ఎప్పుడూ కొట్టువాడినే తిడితే ఎలా? మా దగ్గరికి రైతు ఎప్పుడొస్తాడో తెలుసా? సాయంత్రం ఏడింటికి, కొట్టు సర్దే టైముకి. చేతిలో ఎండిపోయిన ఒక్క ఆకు, అదీ మూడు మడతలు పెట్టి జేబులోంచి తీస్తాడు. "ఏదైనా ఇయ్యి బాబూ" అంటాడు. నేను "తెలీదు, గడ పట్రా" అంటే పక్క కొట్టుకి వెళ్తాడు. అక్కడ ఇస్తారు. వచ్చే ఏడాది నుంచి ఎరువు కూడా అక్కడే కొంటాడు.

ఇరవై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నాను. మన భాషలోనే ఉంది చిక్కు. పురుగుని చంపేదీ మందే, తెగులుకి కొట్టేదీ మందే, కలుపుని మాడ్చేదీ మందే, ఆదివారం తాగేదీ మందే. "మందు" అంటే ఏదో ఒకటి ఇచ్చేస్తే సరి.

అసలు సంగతికొస్తే, ఎర్రకుళ్ళు అయితే దానికి పైన కొట్టే మందు లేదు. ఉందని ఎవరైనా అమ్మితే అబద్ధం.

మాస్టారు, పెదవాల్తేరు | ఆదివారం ఉదయం 6:20

కొట్టు అబ్బాయి నిజాయితీగా చెప్పాడు. నేను బోటనీ లెక్చరరుగా రిటైరయ్యాను, పొద్దున్నే లేచే అలవాటు, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, విసుగనిపిస్తే దాటేయండి.

ఈ ఎర్రకుళ్ళుకీ మన తీరానికీ పాత సంబంధం. ప్రపంచంలో దీన్ని మొదట వర్ణించింది జావాలో, 1893లో, వెంట్ అనే డచ్చి శాస్త్రవేత్త. ఆ తరవాత కొద్ది ఏళ్ళకే గోదావరి డెల్టాలో చెరకు తోటలు తోటలే పోయాయి. మద్రాసు ప్రభుత్వం తరఫున బార్బర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వచ్చి చూసి 1901లో నివేదిక రాశాడు. ఆ దెబ్బతోనే 1902లో సామర్లకోటలో చెరకు కేంద్రం పెట్టారు. మన అనకాపల్లి పరిశోధన కేంద్రం 1913 నాటిది. అంటే మన దగ్గర చెరకు పరిశోధనకి బీజం దిగుబడి ఆశ కాదు, తెగులు భయం.

మేం కాలేజీలో పాఠం మాత్రం ఐర్లండు బంగాళాదుంపతో మొదలుపెట్టేవాళ్ళం. 1845, లేట్ బ్లైట్ అనే తెగులు, కరువు, వలసలు. పిల్లలు రాసుకునేవాళ్ళు. బంగాళాదుంప చేను ఎలా ఉంటుందో మా క్లాసులో ఒక్కడూ చూసి ఉండడు. కిటికీలోంచి చూస్తే తాటిచెట్లు. ఆ తాటిచెట్లకీ ఓ పాఠం ఉందని ఎవరూ చెప్పలేదు, నేనూ రిటైరయ్యాకే చదివాను.

ఎడ్విన్ జాన్ బట్లర్. ఐర్లండులోనే 1874లో పుట్టాడు. చదివింది వైద్యం. 1901లో కలకత్తా వచ్చాడు, తరవాత బీహారులోని పూసాలో పనిచేశాడు. భారతదేశంలో తెగుళ్ళ శాస్త్రానికి తండ్రి అంటారు ఇతన్ని. గోదావరి డెల్టాలో తాటిచెట్లకి మొవ్వు కుళ్ళు వచ్చి వరసగా చచ్చిపోతుంటే వచ్చి చూశాడు. సోకిన చెట్ల తలలు నరికి కాల్పించారు. అక్కడ అతను పట్టుకున్న శిలీంధ్రమే ఈవేళ ఫైటాఫ్తోరా పామివోరా. కొబ్బరికి మొవ్వు కుళ్ళు, కోకోకి కాయ కుళ్ళు, బొప్పాయికి వేరు కుళ్ళు, ప్రపంచమంతా ఉష్ణదేశాల్లో దీనిదే రాజ్యం. ఆ పేరు పక్కన బట్లర్ పేరు ఇప్పటికీ రాస్తారు.

చూడండి తమాషా. ఐర్లండుని ఆకలికి మాడ్చిన బంగాళాదుంప తెగులు ఫైటాఫ్తోరా. గోదావరి తాటిని చంపింది దాని చుట్టమే. ఐర్లండువాడే వచ్చి దాన్ని పట్టుకున్నాడు.

లెక్కల మనిషి | ఆదివారం ఉదయం 8:02

మాస్టారూ, బాగుంది గానీ, కుర్రాడు అడిగింది చిన్నాన్న తోట గురించి 😀 ఇంకో సందేహం. ఐర్లండంటే ఒక్క దుంప మీద బతికారు. మన దేశంలో తెగులు వల్ల జనం పోయిన సందర్భం ఉందా? కొంచెం పెద్దది చేసి చెప్తారనిపిస్తుంది నాకు.

మాస్టారు, పెదవాల్తేరు | ఆదివారం ఉదయం 8:45

ఉంది, దాని మీద తగువు కూడా ఉంది. 1943 బెంగాల్ కరువు. 20 నుంచి 30 లక్షల మంది పోయారంటారు. అంతకుముందు ఏడు, 1942లో, తుపాను వెనకే వరికి గోధుమ రంగు మచ్చ తెగులు విపరీతంగా వచ్చింది. కటక్ వరి పరిశోధన కేంద్రానికి డైరెక్టరుగా చేసిన ఎస్.వై. పద్మనాభన్ 1973లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. బంకురా, చిన్సురా కేంద్రాల్లో 1941 దిగుబడులు, 1942 దిగుబడులు పక్కపక్కన పెట్టి చూపించాడు. పడిపోవడం చూస్తే గుండె ఝల్లుమంటుంది.

ఆర్థికవేత్త అమర్త్య సేన్ వాదన వేరు. తిండి అంతగా తగ్గలేదు, కొనే స్తోమత పోయింది, ధరలు, యుద్ధం, పాలకుల నిర్వాకం అన్నాడు. నేను పంతులునే గానీ ఇందులో తీర్పరిని కాను. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. రెండు కేంద్రాల లెక్కలతో ఒక రాష్ట్రమంతటి పంటని అంచనా కట్టాల్సి రావడమే అసలు దరిద్రం. పొలం పొలం తిరిగి ఎంత తెగులుందో రాసుకున్నవాడు ఆ ఏడాది లేడు. ఉంటే ఇన్నేళ్ళు వాదన నడిచేది కాదు.

మొక్కల డాక్టరమ్మ | ఆదివారం ఉదయం 9:30

మాస్టారూ, మీకో తోక తగిలిస్తాను. ఆ గోధుమ మచ్చ తెగుల్ని మా గైడు "బీదవాడి తెగులు" అంటారు. మంచి నేల, నీరు, పొటాష్ సరిగ్గా అందిన వరికి అది పెద్దగా ఏమీ చేయలేదు. సారం లేని నేలలో, నీటి ఎద్దడిలో ఉన్న చేనునే పట్టుకుంటుంది. విజయనగరం, శ్రీకాకుళం మెట్ట పొలాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఎరువు ఎక్కువేసిన చేలో అగ్గి తెగులు, వేయలేని చేలో గోధుమ మచ్చ. ఆకు మీద మచ్చ చూసి ఆ రైతు అప్పుల సంగతి చెప్పొచ్చు అనిపిస్తుంది ఒక్కోసారి.

లెక్కల మనిషి గారికి లెక్క. 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ప్రపంచంలో వరి దిగుబడిలో పురుగులు, తెగుళ్ళ వల్ల పోయేది 30 శాతం దాకా. గోధుమలో 21.5. నష్టం ఎక్కువ ఎక్కడంటే, అసలే తిండి తక్కువైన చోట్ల.

మన దగ్గరే ఎందుకెక్కువ అంటే, చలికాలం లేదు కదా. చలి దేశాల్లో పొలం నెలల తరబడి మంచు కింద పడుకుంటుంది. శిలీంధ్రానికీ, దోమకీ తిండి ఉండదు. మన దగ్గర ఒకడు సార్వా (వానాకాలం వరి) కోస్తుంటే పక్కవాడు దాళ్వా (రెండో పంట) నారు పోస్తాడు. చెరకైతే పన్నెండు నెలలూ నిలబడే ఉంటుంది. మొక్కతోట (మొదటిసారి నాటింది) అయ్యాక కార్శి, దాని మీద రెండో కార్శి. తెగులుకి అద్దె లేని ఇల్లు. పైగా ఎకరం, అరెకరం ముక్కలు. నా తోట శుభ్రం చేసుకున్నా మీ తోటలోంచి వాన నీటితో వస్తుంది.

అనంత వలసపక్షి | ఆదివారం ఉదయం 10:15

నేను అనంతపురం మనిషిని, పదిహేనేళ్ళుగా విశాఖలో ఉంటున్నా. చెరకు తెలీదు గానీ, గుర్తుపట్టకపోతే ఏమవుతుందో మా ఊళ్ళో చూశాను.

2000వ సంవత్సరం, వేరుశెనగ. మొక్క మొవ్వు నల్లబడి, కాండం మాడి, పదిహేను రోజుల్లో చేను చేనే పోయేది. మాకు మొవ్వుకుళ్ళు అనే వైరస్ ముందే తెలుసు, అదే అనుకున్నారు అందరూ. దానికి చెప్పినవే చేశారు. ఏమీ కాలేదు. తరవాత పటాన్‌చెరులో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళూ, మన వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళూ కలిసి పరీక్ష చేస్తే అది వేరే వైరస్ అని తేలింది, టొబాకో స్ట్రీక్ వైరస్. అప్పటికి 2.25 లక్షల హెక్టార్లు, 300 కోట్లకి పైగా నష్టం. మా నాన్న మూడెకరాలూ ఆ లెక్కలో ఉన్నాయి.

అది వచ్చిన దారి వింటే ఆశ్చర్యపోతారు. వయ్యారిభామ! మన రోడ్ల పక్కన తెల్లపూలు పూసే ఆ కలుపు. ఆ మొక్కకి వైరస్ ఉన్నా పైకి ఏమీ కనిపించదు. దాని పుప్పొడిలో వైరస్. తామర పురుగులు ఆ పుప్పొడి ఒంటికి పూసుకుని వేరుశెనగ మీద వాలి గీకితే, గాయంలోంచి లోపలికి. తొలకరి వానకి ముందే మొలిచి పూసేది వయ్యారిభామే, వెంటనే వేరుశెనగ మొలకలు సిద్ధం. ఇది తెలిశాక చెప్పిన పరిష్కారంలో మందు ఒక మూల. మిగతాదంతా గట్ల మీద కలుపు పీకడం, చేను చుట్టూ ఏడెనిమిది వరసలు జొన్న వేయడం. జొన్న ఎత్తుగా ఉండి పురుగుని గాల్లోనే ఆపుతుంది.

ఆ కలుపు మన దేశానికి అమెరికా గోధుమలతో వచ్చిందని మా మేనమామ అనేవాడు.

పోర్టు గుమాస్తా | ఆదివారం ఉదయం 11:02

గోధుమల మాట వచ్చింది కాబట్టి, హాజరు. నేను పోర్టులో క్లియరింగ్ పని చేస్తాను. ఓడలో కలప, పప్పులు, విత్తనాలు ఏవొచ్చినా మా తలనొప్పి ప్లాంట్ క్వారంటైన్, అంటే వాటితో తెగుళ్ళు రాకుండా చేసే తనిఖీ. తెగులు లేదని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్టు లేకపోతే సరుకు కదలదు. కొత్తలో నేనూ తిట్టుకునేవాణ్ణి, దుంగకి కూడా పాస్‌పోర్టా అని. ఈ చట్టం 1914 నాటిదని, ఇప్పుడు నడిచేది 2003 నాటి ఉత్తర్వు అని ఒక ఇన్‌స్పెక్టరు చెప్పారు.

2016లో బంగ్లాదేశ్‌లో గోధుమకి బ్లాస్ట్ అనే తెగులు వచ్చినప్పుడు అర్థమైంది నాకు. బ్రెజిల్‌లో 1985లో మొదట కనిపించిన తెగులు అది, దక్షిణ అమెరికాలోనే ఉండేది. సముద్రాలు దాటి ఒక్కసారిగా ఆసియాలో తేలింది. జన్యువులు చూస్తే దక్షిణ అమెరికా రకమే. మన సరిహద్దులో, నదియా, ముర్షిదాబాద్ జిల్లాల్లో రెండేళ్ళు గోధుమ వేయొద్దని ఆపేశారు. గాలికి రాలేదు కదా అంత దూరం. ఎవరో ఏదో సంచిలో తెచ్చారు.

సింగపూర్ నుంచి వచ్చేటప్పుడు మొక్క కొమ్మలు తెచ్చుకునే అత్తయ్యలందరికీ ఈ పోస్టు అంకితం.

మిద్దెతోట ఎంవీపీ | ఆదివారం ఉదయం 11:09

నన్ను చూసే అన్నారా 🙈

పాడేరు మిరియం | ఆదివారం మధ్యాహ్నం 12:50

మా వైపు కాఫీకి ఆకుతుప్పు ఉంది. ఆకు వెనక నారింజ రంగు పొడి, వేలితో రాస్తే అంటుకుంటుంది. మాస్టారు రాసేలోపు నేనే రాసేస్తా. 1869లో సిలోనులో (ఇప్పటి శ్రీలంక) మొదలై అక్కడి కాఫీనంతా ఊడ్చేసింది ఇదే. వాళ్ళు టీకి మారారు. మన దేశంలో దాన్ని తట్టుకునే రకాలు కట్టారు, కర్ణాటకలోని బాలెహొన్నూరులో. మా దగ్గర నీడలో, సిల్వర్ ఓక్ కింద పెంచుతాం కాబట్టి కాస్త నెమ్మది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి ఓక్‌లు కూల్చాక, కొన్ని తోటలు ఎండకి బోడిగా నిలబడ్డాయి. అది వేరే ఏడుపు.

నాకు ఎక్కువ భయం మిరియానికి. వానాకాలంలో తీగ మొదలు నల్లబడితే రెండు మూడు వారాల్లో తీగంతా జారిపోతుంది. అదీ ఫైటాఫ్తోరానే అన్నారు. వానకి ముందు బోర్డో మిశ్రమం కొడతాం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. తుత్తం నీళ్ళు విడిగా, సున్నం నీళ్ళు విడిగా కలిపి ఆ తరవాతే ఒకటి చేయాలి, ఇనప పాత్ర వాడకూడదు. సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే కొడవలి మొన కాసేపు ముంచి తీయండి. ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాల్లేదని. మా తాత నేర్పాడు. ఫ్రాన్సులో ద్రాక్షకి కనిపెట్టారని మొన్ననే తెలిసింది, నేను మాదే అనుకున్నా.

ప్రకృతి బాట | ఆదివారం మధ్యాహ్నం 1:20

ఇన్ని పేర్లు, ఇన్ని లాటిన్ మాటలు. నేల బాగుంటే తెగులే రాదు. ఘన జీవామృతం (పేడతో చేసే ఎరువు), ఆచ్ఛాదన (నేలని గడ్డితో కప్పడం), అంతే. మీ కంపెనీలే తెగుళ్ళు తెచ్చాయి.

మొక్కల డాక్టరమ్మ | ఆదివారం మధ్యాహ్నం 1:48

సగం ఒప్పుకుంటాను. గోధుమ మచ్చ గురించి పైన నేను రాసింది మీ మాటే. కానీ ఎర్రకుళ్ళు ఉన్న ముచ్చె (విత్తనంగా నాటే గడ ముక్క) నాటితే, నేల ఎంత బాగున్నా తెగులు లోపలే ఉంది కదండీ. అది బయటినుంచి రాలేదు, విత్తనంతో వచ్చింది. గోదావరిలో 1901లో పురుగుమందు కంపెనీలు లేవు. తాటిచెట్టుకి యూరియా ఎవరూ వేయలేదు.

ప్రకృతి బాట | ఆదివారం మధ్యాహ్నం 1:55

తాటిచెట్టు పాయింటు బాగుంది. ఆలోచిస్తాను.

గాజువాక ఎరువుల కొట్టు | ఆదివారం మధ్యాహ్నం 2:03

ఈ వేదికలో "ఆలోచిస్తాను" అన్న మొదటి మనిషి మీరే. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

చోడవరం చిన్నోడు | ఆదివారం సాయంత్రం 6:37

పొద్దున్నే కాంప్లెక్స్‌లో బస్సెక్కి ఊరొచ్చేశాను, ఫోన్లో చెబితే అయ్యేలా లేదని. మీ అందరి పోస్టులూ దారిలో చదివాను.

నాలుగు దుబ్బుల్లోంచి నాలుగు గడలు నరికాం. చిన్నాన్న చీల్చాడు. మూడింట్లో లోపల ఎరుపు, మధ్యలో అడ్డంగా తెల్లటి మచ్చలు. వాసన చూడమంటే చిన్నాన్న చూసి నా వైపు చూసి నవ్వాడు. "ఒరే, ఇది కల్లేరా" అన్నాడు. పక్క తోట తాత వచ్చి ఆయనా చూశాడు. నాలుగో గడలో మాత్రం ఏమీ లేదు, తెల్లగా ఉంది.

ఈ తోట మొదట వేసినప్పుడు ముచ్చెలు పక్క ఊరి నుంచి తెచ్చాడట, తోట చూడకుండా, బండి లెక్కన. మొక్కతోటలో ఒకటీ అరా ఎండితే పట్టించుకోలేదు. కిందటేడు బెల్లం వండినప్పుడు రెండు పాకాలు సరిగ్గా గట్టిపడలేదట. గానుగ దగ్గర వండేవాణ్ణి తిట్టాడట పాపం. మాకు తిక్క రేగుతున్నది ఆ ఎనిమిది వేల మీద. ఇప్పుడేం చేయాలి?

మొక్కల డాక్టరమ్మ | ఆదివారం రాత్రి 7:20

ఆ బెల్లం సంగతి ముఖ్యమైన గుర్తు. ఈ శిలీంధ్రం గడలో చక్కెరని విడగొట్టేస్తుంది, అందుకే పాకం ముదరదు. వండేవాడి తప్పు కాదు, పాపం అతనికి చెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది. సోకిన దుబ్బులు వేళ్ళతో సహా తవ్వి తోట బయట కాల్చేయాలి, గట్టు మీద పారేయకూడదు. ఆ మడిలోంచి పక్క మడిలోకి నీళ్ళు పారకుండా కట్టేయండి. బాగున్న గడలు ఉన్నంతలో తొందరగా గానుగాడించుకోండి, సంక్రాంతి దాకా చూడొద్దు. ఈ తోటని మళ్ళీ కార్శి వదలొద్దు. ఇందులోంచి ఒక్క ముచ్చె కూడా విత్తనానికి తీయొద్దు, అడిగినవాళ్ళకి ఇవ్వొద్దు. చెత్త కాల్చి, దున్ని, ఒక పంట వరి వేయండి. చెరకు మొదళ్ళు కుళ్ళిపోయాక ఈ శిలీంధ్రం మట్టిలో కొన్ని నెలలకి మించి బతకలేదు.

మళ్ళీ చెరకు వేసేటప్పుడు తట్టుకునే రకం ఏదో అనకాపల్లి కేంద్రంలో అడగండి. అక్కడికి ఒక చీల్చిన గడ, ఒక చీల్చని గడ పట్టుకెళ్ళండి. నా మాట మీద ఆగిపోకండి, నేను ఫోన్‌లో చదివి చెబుతున్న మనిషిని. ముచ్చెలు నరికేటప్పుడు ప్రతి కోత చివరా చూడాలి, ఎరుపు కనిపిస్తే పారేయాలి. కార్బెండజిమ్ (శిలీంధ్రాన్ని చంపే మందు) కలిపిన నీళ్ళలో ముంచి నాటడం మంచిదే గానీ, అది పైపై రక్షణ. 52 డిగ్రీల వేడినీళ్ళలో అరగంట ముంచే పద్ధతి చెరకుకే వచ్చే కాటుక తెగులుకి బాగా పనిచేస్తుంది. గడ లోపలికి పోయిన ఎర్రకుళ్ళుకి దాన్ని నమ్ముకోవద్దు.

లెక్కల మనిషి | ఆదివారం రాత్రి 7:41

అంటే ఇంత శాస్త్రం, వందేళ్ళ చరిత్ర, చివరికి "పీకి కాల్చు" అన్నమాట.

మాస్టారు, పెదవాల్తేరు | ఆదివారం రాత్రి 8:15

అయ్యా, ఏది పీకాలో తెలియడానికే వందేళ్ళు పట్టింది.

ఎప్పుడూ పీకి కాల్చడమే అనుకోకండి. బీపీటీ 5204, మన సాంబా మసూరి, ఇంట్లో ఈ పూట తిన్నదీ అదే అయుండొచ్చు. దానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు వస్తే తట్టుకోలేదు. ఆఫ్రికాలో మాలి దేశంలో దొరికిన ఒక అడవి వరిలో ఈ తెగుల్ని తట్టుకునే జన్యువు ఉంది, ఎక్స్‌ఏ 21 అంటారు. దాన్నీ ఇంకో రెండు జన్యువుల్నీ మామూలు సంకరణంతోనే సాంబా మసూరిలోకి తెచ్చారు హైదరాబాదులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళూ, వరి పరిశోధన కేంద్రం వాళ్ళూ. 2008లో విడుదలైంది. గింజ అదే, అన్నం రుచి అదే. మాలి రైతుకీ మనకీ చుట్టరికం అలా కలిసింది.

మా అమ్మ నేను చదవకుండా తిరుగుతుంటే "నీకేం తెగులొచ్చిందిరా" అనేది. అదే ప్రశ్న చేను ముందు నిలబడి అడగడం నేర్చుకోవడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది.

చోడవరం చిన్నోడు | మంగళవారం మధ్యాహ్నం 3:30

నిన్న సెలవు పెట్టి చిన్నాన్నతో అనకాపల్లి వెళ్ళొచ్చాను. గడలు చూసి ఎర్రకుళ్ళే అన్నారు. డాక్టరమ్మ చెప్పిందే చెప్పారు, ముచ్చెల గురించి ఇంకా గట్టిగా చెప్పారు. ఇవాళ పొద్దుట నలుగురు మనుషుల్ని పెట్టి దుబ్బులు తవ్విస్తున్నాం. ముప్పై ఏడు లేచాయి ఇప్పటిదాకా. పిన్ని దూరంగా నిలబడి చూస్తోంది, ఏమీ మాట్లాడట్లేదు.

ఇంకో సంగతి. ఆదివారం పక్క తోట తాత చూశాడన్నాను కదా, ఆయన వెళ్ళి ఊళ్ళో చెప్పాడు. నిన్న సాయంత్రానికి మా అరుగు మీద పదకొండు గడలు. ఎవరి గడ వాళ్ళే పట్టుకొచ్చారు, చిన్నాన్న కత్తి పట్టుకుని వరసగా చీలుస్తున్నాడు, చుట్టూ పిల్లలు వాసన చూడ్డానికి కొట్టుకుంటున్నారు. అందులో నాలుగు ఎర్రగా ఉన్నాయి. ఐదు బాగున్నాయి. రెండింట్లో మాత్రం ఎరుపూ లేదు, తెల్ల మచ్చలూ లేవు. కణుపుల మధ్య గుల్లగా, పడవలాగా ఖాళీ ఉంది. పురుగు లేదు. డాక్టరమ్మా, ఫొటోలు కింద పెట్టాను.

మొక్కల డాక్టరమ్మ | మంగళవారం మధ్యాహ్నం 3:52

చూశాను. వడలు తెగులులా ఉంది గానీ, ఇంకో రెండు గడలు చూడాలి. ఆ తోట పల్లపు మడా? ఈ వానల్లో నీళ్ళు నిలిచాయా? మొదలు దగ్గర వేరు పురుగు ఉందేమో తవ్వి చూడమనండి. ముఖ్యంగా ఆయన్ని ఏ మందూ కొట్టొద్దని చెప్పండి.

చోడవరం చిన్నోడు | మంగళవారం మధ్యాహ్నం 3:58

పొద్దున్నే కొట్టేశాడంట.

గాజువాక ఎరువుల కొట్టు | మంగళవారం సాయంత్రం 4:01

నా దగ్గర కొనలేదు 🙏